మూతకు చిల్లున్న ట్యాంకులు

మా రోజుల్లో నడుస్తున్న బండి ఒక్కసారి దగ్గిందంటే ఎడమ చెయ్యి హ్యాండిల్ వదిలి దానంతటదే ట్యాంకు కిందికి పోయేది. అక్కడ పెట్రోల్ కాక్ ఉండేది. ఆన్‌లో ఉన్నదాన్ని రిజర్వు వైపు తిప్పితే, చక్రం ఆగకముందే పెట్రోలు అంది ఇంజను మళ్లీ లాగేది. చెయ్యి తిరగని వాళ్లు దిగి, వంగి, కాక్ తిప్పి, నాలుగు కిక్కులు కొట్టేవాళ్లు. ఎవరైనా సరే, ఆ క్షణం నుంచి మనసులో ఒకటే లెక్క: ఇంకెంత దూరం పోతుంది, ముందు పెట్రోల్ పంపు ఎక్కడుంది. జగిత్యాల నుంచి ధర్మపురి పోయేవాడైనా, కోరుట్ల నుంచి మెట్‌పల్లి పోయేవాడైనా, సిరిసిల్లలో రాత్రి షిఫ్టు దిగి ఊరికి పోయే నేత కార్మికుడైనా తన బండి రిజర్వులో ఎంత దూరం పోతుందో నోటికి చెప్పేవాడు.

ఇప్పుడు కొత్త బండి కొన్న పిల్లగాణ్ని రిజర్వు ఎక్కడుందిరా అని అడిగితే మీటరు మీద వెలిగే బొమ్మ చూపిస్తాడు. ఆ బొమ్మ ముందే వెలుగుతుంది, నిజమే. కాని వెలిగినా బండి పోతూనే ఉంటుంది కనుక చూసినవాడూ ఊరుకుంటాడు. మా కాక్ ఊరుకోనిచ్చేది కాదు. బండిని ఆపి మరీ చెప్పేది. మధ్యాహ్నపు ఎండలో మీటరు మీది వెలుగు కనబడక, చివరి చుక్క దాకా నడిపి, రోడ్డు పక్కన బండి తోసుకుంటూ వచ్చేవాళ్లను ఈమధ్య చాలామందిని చూస్తున్నాను. చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. వాళ్ల మీద కాదు. అంత చక్కని ఏర్పాటును తీసేసి, దాని బదులు ఒక దీపం పెట్టి, ఇదే ముందడుగు అన్నవాళ్ల మీద.

ఆ కాక్‌లో మంత్రమేమీ లేదు. ట్యాంకు లోపలికి రెండు దారులు: ఒకటి పొడుగు గొట్టం, ఇంకొకటి అడుగునే ఉండే పొట్టి దారి. ఆన్‌లో పెడితే పెట్రోలు పొడుగు గొట్టం కొన నుంచి దిగుతుంది. మట్టం ఆ కొన కంటే కిందికి పోగానే బండికి అందదు. అడుగున ఇంకా లీటరో, లీటరున్నరో మిగిలే ఉంటుంది. రిజర్వుకు తిప్పితే ఆ పొట్టి దారి తెరుచుకుంటుంది. వైరు లేదు, బ్యాటరీ లేదు, సెన్సర్ లేదు. పెట్రోలు తన బరువుకు తానే కార్బురేటర్‌లోకి దిగేది. అందుకే ట్యాంకు పైన, ఇంజను కింద. కాక్ లోపల నాలుగు చిల్లుల రబ్బరు వాషరు ఒకటి ఉండేది. అది గట్టిపడి కారితే చిన్న స్పేర్ పార్ట్స్ కొట్లో కూడా చాయ్ పైసలకు దొరికేది. మెకానిక్ దాకా పోవాల్సిన పని కూడా లేదు, పానా, స్క్రూ డ్రైవర్ ఉంటే ఇంటి అరుగు మీదే అయిపోయేది.

అప్పుడు ట్యాంకు అంటే మనిషి చేతికి, చెవికి, ముక్కుకు తెలిసిన వస్తువు. మూత తీసి, బండిని రెండు కాళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ ఊపితే లోపలి చప్పుడును బట్టి ఎంత ఉందో చెప్పేవాళ్లం. నమ్మకం లేనివాడు చీపురు పుల్ల ముంచి చూసుకునేవాడు. చేతక్ లాంటి స్కూటర్లకు ట్యాంకు సీటు కింద ఉండేది, కాక్ మీట సీటు కింది నుంచి ముందుకు వచ్చేది. రిజర్వు కూడా అయిపోతే స్కూటర్‌ను ఒక పక్కకు బాగా వంచి కాసేపు పట్టుకునేవాళ్లం. మూలల్లో మిగిలిన పెట్రోలు కాక్ వైపు జారి, పంపు దాకా చేర్చేది. ‘కాకా, బండి ఆగిపోయిందే’ అని ఎవరైనా వస్తే, ‘ఒకసారి పక్కకు వంచు బిడ్డా’ అనేవాణ్ని. సగం సార్లు అంతటితో సరిపోయేది. ట్యాంకుకు చెమ్మగిల్లినట్టు సన్నటి లీకు పడితే బట్టల సబ్బు ముక్క గట్టిగా రుద్దితే మా మెకానిక్ షెడ్డుకు వచ్చేదాకా ఆగేది. షెడ్డులో ట్యాంకు దింపి, పెట్రోలంతా వంపి, కడిగి, నీళ్లు నింపి, అప్పుడు అతుకు వేసేవాళ్లం. నీళ్లు నింపకుండా మంట చూపితే ఏమవుతుందో మా ఉస్తాదులు మాకు మొదటి పాఠంగా చెప్పారు. లోపల తుప్పు పడితే కిరోసిన్ పోసి, గుప్పెడు చిన్న నట్లు వేసి, ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఊపేవాళ్లం. ఎర్రటి మడ్డి బయటికి వచ్చేది. తెల్లని కిరోసిన్ వచ్చేదాకా అదే పని.

మూత సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో ప్రతి ట్యాంకు మూతకూ ఒక సన్నని చిల్లు ఉండేది, గాలి లోపలికి పోవడానికి. పెట్రోలు కిందికి దిగినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రాకపోతే లోపల పీడనం తగ్గి పెట్రోలు దిగదు. మా దిక్కు దుమ్ముకు ఆ చిల్లు మూసుకుపోయేది. బండి బాగానే బయలుదేరి, కొద్ది దూరం పోయి ఆగేది. ప్లగ్గు చూస్తే మంచిదే, కార్బురేటర్ మంచిదే. మూత కొంచెం వదులు చేస్తే ‘సుయ్’మని గాలి లోపలికి పోయి, బండి స్టార్ట్ అయ్యేది. గుండు సూదితో చిల్లు పొడిస్తే జబ్బు కుదిరినట్టే. కొత్తగా పని నేర్చుకునేవాడు ఇంజను అంతా విప్పి కూర్చుంటే, పెద్దాయన వచ్చి మూత తీసి చూపించి నవ్వేవాడు. పని నేర్చుకోవడమంటే అది.

ఆ చిల్లే తరవాత నేరస్థురాలయింది. నేను దానికి వకాలత్ తీసుకోను. తప్పు దానిదే. గాలి లోపలికి పోయే దారిలోంచే పెట్రోలు ఆవిరి బయటికి వస్తుంది. జగిత్యాలలో, సిరిసిల్లలో మే నెల ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో ఆసుపత్రి ముందో, మార్కెట్ యార్డులోనో పొద్దంతా నిలబెట్టిన బండి ట్యాంకు మీద చెయ్యి పెట్టలేం. మూత దగ్గర ముక్కు పెడితే గుప్పుమనేది. ఇంజను నడవకుండానే పెట్రోలు గాలిలో కలిసిపోతోందన్న మాట. సిరిసిల్ల నేతగాళ్ల ఇళ్లల్లో మగ్గం, వంట, పడక అన్నీ దగ్గర దగ్గర. రాత్రి బండిని కూడా లోపలే పెట్టుకునేవాళ్లు. ఆ వాసనలో పిల్లలు పడుకునేవాళ్లు. ఇక టూ స్ట్రోక్ బండ్ల సంగతి. పోసిన పెట్రోలులో చెప్పుకోదగ్గ భాగం కాలకుండానే సైలెన్సర్‌లోంచి బయటపడేది, పెట్రోలుతో కలిసి కాలే టూటీ ఆయిల్ నీలం పొగై వెంటబడేది. 2000 ఫిబ్రవరి దాకా దేశంలో చాలాచోట్ల పెట్రోలులో సీసం కూడా ఉండేది. బతుకంతా ఆ పొగలో నిలబడినవాణ్ని, పొగ మంచిదని ఎట్లా అంటాను? పొగ తగ్గించమన్నవాళ్లు మంచి పనే చేశారు. నా కొట్లాట పొగ కోసం కాదు, ట్యాంకు కోసం.

ఈ కథ మన దగ్గర మొదలు కాలేదు. అమెరికాలో లాస్ ఏంజెలస్ నగరం మీద పగలే మబ్బు పట్టినట్టు పొగమంచు కమ్ముకుని కళ్లు మండేవి. హాగన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల మొదట్లో దాని గుట్టు విప్పాడు. కార్ల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే ఆవిర్లు, పొగ ఎండలో ఒకదానితో ఒకటి కలిసి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని తేల్చాడు. సైలెన్సర్ పొగ ఒక్కటే కాదు, ట్యాంకులోంచి, కార్బురేటర్‌లోంచి ఊరికే లేచిపోయే ఆవిరి కూడా ఆ పాపంలో భాగస్తురాలే. అందుకే కాలిఫోర్నియా 1970 మోడల్ కార్ల నుంచి ఆవిరిని కట్టడి చెయ్యాలని నిబంధన పెట్టింది. ఆ మరుసటి ఏడు దేశమంతా వచ్చింది.

అక్కడే స్పోర్ట్స్ కార్లకు రెండు రకాల ట్యాంకులు పుట్టాయి. ఇంగ్లండులో తయారయ్యే ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి రెండు సీట్ల కార్లు ఎక్కువగా అమ్ముడుపోయేది అమెరికాలోనే. సొంత దేశంలో అమ్మే బండికి గాలి పీల్చే మామూలు ట్యాంకు. అమెరికాకు ఓడ ఎక్కే బండికి మూత బిగించిన ట్యాంకు. పెట్రోలు ఎండకు ఉబ్బితే పొంగకుండా లోపల కొంత చోటు ఖాళీగా ఉండాలి కనుక పూర్తిగా నింపనివ్వని అమరిక పెట్టారు. ఆవిరి బయటికి పోకుండా గొట్టం గుండా ఒక డబ్బాలోకి పోతుంది. ఆ డబ్బా నిండా ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు. బొగ్గు ఆవిరిని పట్టుకుంటుంది. ఇంజను స్టార్ట్ అయ్యాక అదే ఆవిరిని లోపలికి లాక్కుని కాల్చేస్తుంది. మంచి ఆలోచన. వృథా పోయేది ఇంజనులోనే కాలుతుంది. ఇప్పటికీ ఆ పాత కార్లు బాగుచేసుకునే వాళ్లు ట్యాంకు కొనేముందు బండి ఏ దేశానికి తయారైందో, ఏ ఏడాదిదో చూసుకుని మరీ కొంటారు. లేకపోతే గొట్టాలు కలవవు.

స్పిట్‌ఫైర్ పేరు ఎందుకు ఎత్తానంటే, దాని అక్క మన రోడ్ల మీద తిరిగింది. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్ కారు అదే ట్రయంఫ్ సంతతి. హెరాల్డ్ చాసిస్‌ను పొట్టిగా కోసి స్పిట్‌ఫైర్ చేశారు. రెండింటికీ ఆకారం గీసింది ఇటలీ మిషెలొట్టీయే. మన దగ్గర డాక్టర్లు, వకీళ్లు హెరాల్డ్ ఇష్టపడేవాళ్లు. నాలుగు తలుపుల హెరాల్డ్ మన దేశంలో తప్ప ఎక్కడా రాలేదు. పాత హెరాల్డ్ డిక్కీలో ట్యాంకు మీద ఒక చిన్న మీట ఉండేది. పెట్రోలు అయిపోతే దిగి, డిక్కీ తెరిచి ఆ మీట తిప్పితే లోపలి గొట్టం ఇంకొంచెం కిందికి దిగి మిగతా గ్యాలన్ అందించేది. కారుకు కూడా రిజర్వు! మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. మోటార్ సైకిల్ మీద పోయే బీదవాడికీ, కారులో పోయే డాక్టరు గారికీ ఒకే బుద్ధి, ఒకే భరోసా.

మా దగ్గర స్పోర్ట్స్ కారు అంటే నాలుగు చక్రాలది కాదు, రెండు చక్రాలది. ఆర్‌ఎక్స్ 100. 1985లో వచ్చింది. వంద సీసీ కూడా నిండని ఇంజను, పది లీటర్ల ట్యాంకు. స్టాండు తీస్తే ఉరికేది. దానికి టూటీ ఆయిల్ వేరే డబ్బాలో పోసేవాళ్లం, పంపు దానంతటదే కలుపుకునేది. ఎజ్డీకి, రాజ్‌దూత్‌కు, లూనాకు అట్లా కాదు. పెట్రోలులోనే ఆయిల్ కొలిచి పొయ్యాలి. లీటరుకు ఎంతో కొలత తప్పితే బండి పొగైనా చిమ్ముతుంది, జామ్ అయినా అవుతుంది. పంపులో ఆయిల్ ముందు, పెట్రోలు తరవాత పొయ్యమని చెప్పడం, తరవాత బండిని ఊపడం, ఇవి కూడా బండి నడపడంలో భాగమే. దుబాయి నుంచి, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు మొదటి వారంలోనే బండి కొనేవాళ్లు. మా జిల్లా ఏపీ 15 నంబరు ఆర్‌ఎక్స్ 100 వస్తోందంటే చప్పుడును బట్టే ఎవరిదో చెప్పేవాళ్లం. అదే ఏడాది, 1985లోనే, నాలుగు స్ట్రోకుల సీడీ 100 కూడా వచ్చింది. పెట్రోలు పోసి, మూత మూసి, మరిచిపొమ్మని దాని ప్రకటన. అప్పుడు నమ్మలేదు. నిజంగానే ట్యాంకును మరిచిపోయే రోజులు వచ్చాయి.

1996 ఏప్రిల్‌లో కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. ఆ ఏడాదే ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగింది, మైసూరులో ఎజ్డీ ఫ్యాక్టరీ మూతపడింది. 2000లో ఇంకా బిగించారు. టూ స్ట్రోకులు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. అప్పటిదాకా మారింది ఇంజనే. ట్యాంకు జోలికి ఎవరూ రాలేదు. స్ప్లెండర్‌కు కాక్ ఉండేది, మూతకు గాలి దారి ఉండేది, అడుగున రిజర్వు ఉండేది.

2017లో ట్యాంకు వంతు వచ్చింది. భారత్ స్టేజ్ పొగ నిబంధనల్లో నాలుగో దశ (బీఎస్-4) అమలవుతోందని, పాత బీఎస్-3 బండ్లను ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదని సుప్రీంకోర్టు మార్చి 29న చెప్పింది. మిగిలిన రెండు రోజుల్లో దేశమంతా షోరూంల ముందు జాతరే. డీలర్లు వేలకు వేలు తగ్గించి అమ్మారు. ఆ రెండు రోజుల్లో బండి కొన్న చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, మూతలో చిల్లున్న ట్యాంకుల్లో చివరివి వాళ్లు ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఆ తరవాతి బండ్లకు కాలిఫోర్నియా కార్లకు 1970లో పెట్టిన బొగ్గు డబ్బాయే చిన్నదై సీటు కిందో, ఫ్రేమ్ పక్కనో చేరింది. కంపెనీ పరీక్ష కూడా విచిత్రంగానే ఉంటుంది. బండిని గాలి చొరని గదిలో పెట్టి, వేడి చేసి, ఊరికే నిలబెట్టి, ఎంత ఆవిరి బయటపడిందో తూకం వేస్తారు. బీఎస్-6కు వచ్చేసరికి అది ఒకటిన్నర గ్రాములకు మించకూడదు.

ఒకటిన్నర గ్రాము. ఒకప్పుడు కార్బురేటర్ విప్పినప్పుడు నా చేతికి అంటి ఆరిపోయే పెట్రోలు అంతకంటే ఎక్కువ. ఆ లెక్క చూస్తే గౌరవమే కలుగుతుంది. ఇంత పట్టుదలగా గాలిని కాపాడాలనుకున్నవాళ్లు ఆ గాలి పీల్చే మనిషికి బండి సంగతి చెప్పడం మాత్రం మరిచారు. బొగ్గు డబ్బా ఉన్న బండిలో పెట్రోలు మెడ దాకా పొయ్యకూడదు. పోస్తే పెట్రోలే గొట్టంలోకి పోయి బొగ్గును తడిపేస్తుంది. ఇక అది ఆవిరిని పట్టదు, పైగా బండి స్టార్ట్ అవడానికి మొండికేస్తుంది. మన దగ్గర ‘ఫుల్ ట్యాంక్’ అంటే బండిని స్టాండు మీంచి దింపి, నిలబెట్టి, నురగ తగ్గాక ఇంకో రెండు రూపాయలది పోయించుకోవడం. తాతల నుంచి వచ్చిన అలవాటు. పంపులో పోసేవాడూ చెప్పడు, అమ్మినవాడూ చెప్పడు. పుస్తకంలో రాసే ఉంటుంది, ఇంగ్లిషులో, సీటు కింద, ప్లాస్టిక్ సంచిలో.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6. ఇది ట్యాంకు లోపలికే వచ్చింది. కార్బురేటర్ పోయి ఇంజెక్టర్ వచ్చింది. ఇంజెక్టర్‌కు పెట్రోలు ఒత్తిడితో అందాలి. దాని కోసం ట్యాంకు లోపలే కరెంటు మోటారు పంపు పెట్టారు. కాక్ పోయింది, రిజర్వు పోయింది. పంపుకు చోటు కావాలి కనుక ట్యాంకు అడుగు ఆకారం మారింది. ఒకప్పుడు పది లీటర్లు దాటి పట్టిన స్ప్లెండర్ ట్యాంకు ఇప్పుడు 9.8 లీటర్లే. బుల్లెట్ క్లాసిక్ 350కి పదమూడున్నర ఉండేది, 2021లో వచ్చిన కొత్తదానికి పదమూడు. పెద్ద తేడా కాదంటారు. నాకు పెద్దదే. పైగా ఆ పంపు పెట్రోలులో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది. చివరి చుక్క దాకా నడిపే అలవాటున్న వాళ్ల బండ్లలో అది వేడెక్కి ముందే చస్తుంది. కాక్ వాషరుకు చాయ్ పైసలు అన్నాను కదా, పంపుకు వేలల్లో.

మొన్న ఎండాకాలం మా బంధువుల కుర్రాడు కొండగట్టు దర్శనం చేసుకుని వేములవాడ పోతుంటే బండి ఆగింది. పెట్రోలు ఉంది. తాళం తిప్పితే లోపల పంపు తిరిగే సన్నని రొద వినబడాలి. వినబడలేదు. దగ్గర్లో పల్లె షెడ్డు ఉంది, మెకానిక్ మంచివాడే, ట్యాంకు తెరవడానికి భయపడ్డాడు. తెరిస్తే వారంటీ పోతుందన్నారట. ఆటోలో వేసి సర్వీస్ సెంటరుకు తెస్తే, సామాను రావడానికి రోజులు పట్టింది. ఆ కుర్రాడు దినకూలీకి బండి మీదే పోతాడు. ఆ రోజుల కూలీ ఎవరిస్తారు?

కోరుట్ల, మెట్‌పల్లి దారిలో రోడ్డు పొడుగునా షెడ్లు కట్టుకుని బతికిన తరం మాది. చదువు అంతంతమాత్రం. చెవితో ఇంజను విని, ముక్కుతో పెట్రోలు పసిగట్టి, చేతితో రిపేరు చేశాం. ఉస్తాదు దగ్గర పన్నెండేళ్ల పిల్లగాడిగా చేరి, పానాలు కడిగి, ట్యాంకులు ఊపి, అట్లా ఎదిగాం. బీఎస్-6తో బండ్లలో ఆన్ బోర్డు డయాగ్నస్టిక్స్ తప్పనిసరి అయింది, లోపలి తప్పును బండే రాసి పెట్టుకుంటుంది. చదవాలంటే స్కానర్ కావాలి. పిల్లగాళ్లు చదవగలరు, నేర్పితే. నేర్పే సెంటరు ఏది? ఐటీఐలో చేరాలంటే చదువు కావాలి, షెడ్డులో ఉన్నవాడికి అంత చదువు లేదు. పొగ నిబంధనలు రాసినప్పుడు ప్రతి దశకూ తేదీ వేశారు. షెడ్డు మెకానిక్‌కు పని నేర్పడానికి తేదీ వెయ్యలేదు. ఈ మాట అన్నప్పుడల్లా, ‘కాకా, కాలం మారింది’ అంటారు. కాలం మారినప్పుడు మనుషులను తోడు తీసుకుపోవాలని కదా నేనంటున్నది.

చేతక్ పేరు మళ్లీ వచ్చింది. 2020 నుంచి కరెంటు బండిగా అమ్ముతున్నారు. దానికి ట్యాంకే లేదు. ఆవిరి లేదు, పొగ లేదు, పిల్లలు పడుకునే గదిలో పెట్టినా వాసన లేదు. అది మంచి బండే. చార్జింగు అయిపోతే మాత్రం పక్కకు వంచి పట్టుకున్నా ప్రయోజనం ఉండదు.

ఇక ఈ20. పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. 2022లో పది శాతం, 2023లో ఇరవైది కొన్ని పంపుల్లో మొదలై, 2025కల్లా దేశమంతా అదే. దీని మీద నా గోడు వేరే. మా మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉంది. చెరకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉండేవి. 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరకు నుంచి వచ్చేదే ఇథనాల్. దేశమంతా ఇథనాల్ కావాలంటున్న రోజుల్లో మా చెరకు ఫ్యాక్టరీకి తాళం. రైతులు మక్కలకు, పసుపుకు, వరికి మారారు. మక్కల నుంచి, నూకల నుంచి కూడా ఇథనాల్ చేస్తున్నారని, రైతుకు మేలని చెబుతున్నారు. మేలైతే సంతోషమే. ఫ్యాక్టరీ తెరిస్తే ఇంకా సంతోషం.

కాని పాత ట్యాంకుకు ఇథనాల్ పడదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూతకు చిల్లున్న ట్యాంకులోకి వానాకాలం తేమ వస్తూనే ఉంటుంది. తేమ ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. అడుగున ఉండేది రిజర్వు దారి. అంటే ఆపదలో కాక్ తిప్పినప్పుడు ముందు దిగేది నీళ్లే. లోపల ఇనుము తుప్పు పడుతుంది, పాత రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బి పగులుతాయి. మైలేజీ తగ్గుతుందని నేను చెప్పనక్కరలేదు. నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే పాత ఇంధనానికి తయారైన టూ వీలర్లకు మూడు నాలుగు శాతం, కార్లకు ఆరేడు శాతం తగ్గవచ్చని ఉంది. 2023 ఏప్రిల్ తరవాతి బండ్లకు ఇథనాల్‌ను తట్టుకునే పైపులు, సామాన్లు పెట్టారు. అంతకు ముందు బండి కొన్నవాడు ఏ తప్పూ చెయ్యలేదు. వాడికి పంపులో ఇంకో రకం దొరకాలి కదా. జగిత్యాలలో ఒక పంపులో, కోరుట్లలో ఒక పంపులో, సిరిసిల్లలో ఒక పంపులో కలపని మామూలు పెట్రోలు అమ్మండి. ధర కొంచెం ఎక్కువ పెట్టినా ఇస్తాం. పాత బండ్లు ఇప్పటికీ లక్షల్లో తిరుగుతున్నాయి. బీడీల గంపలు, కూరగాయల మూటలు, పాల డబ్బాలు మోసేవి అవే.

అంతదాకా పాత ట్యాంకు బండి ఉన్నవాళ్లు కొన్ని పనులు చెయ్యండి. వానాకాలంలో ట్యాంకు సగం ఖాళీగా ఉంచకండి, ఖాళీ ఎంతుంటే తేమ అంత చేరుతుంది. మూత కింది రబ్బరు చూసుకోండి. పెట్రోలు పైపు గట్టిపడ్డా, మెత్తబడ్డా మార్చండి. నెలకొకసారి కాక్ కింది గిన్నె విప్పి అడుగున చేరిన నీళ్లు వదలండి. దుబాయి పోయేవాళ్లు, బండిని రెండేళ్లు ఇంట్లో పెట్టి పోతుంటే, ట్యాంకు పూర్తిగా వంపి, కొద్దిగా టూటీ ఆయిల్ పోసి లోపలంతా అంటేలా తిప్పండి. కార్బురేటర్ గిన్నె కింది స్క్రూ విప్పి అందులో మిగిలినది కూడా వదిలేసి, కాక్‌ను ఆఫ్‌లో పెట్టి పోండి.